ఫారం చిన్నదైంది సరే, మనిషేడీ?

ఆమధ్య ఒక చలికాలంలో ఒక మిత్రుడి ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. పన్నెండో క్లాసు చదువుతున్న వాళ్లమ్మాయి ల్యాప్‌టాప్ ముందు, తండ్రి ఆమె భుజం వెనక. అమెరికాలో కాలేజీకి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఏటా జరిగే తంతే, ఫాఫ్సా నింపడం, అంటే చదువుకు ఫెడరల్ ప్రభుత్వ సాయం అడిగే దరఖాస్తు. అప్పటి ఫారంలో తండ్రిని కంట్రిబ్యూటర్‌గా, అంటే తన ఆదాయం వివరాలిచ్చే మనిషిగా, ఇలా పిలవాలి. అమ్మాయి ఆయన పేరు, పుట్టినతేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు కొట్టింది. వివరాలు సరిపోలడం లేదని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. మూడోసారికి తండ్రి విసుక్కున్నాడు, పిల్ల కళ్లు తుడుచుకుంటూ లేచి గదిలోకి వెళ్లిపోయింది.

రెండు రోజుల తరవాత స్కూల్లో కౌన్సెలర్ అడిగింది ఒక్కటే ప్రశ్న. మీ నాన్న సోషల్ సెక్యూరిటీ కార్డు మీద పేరు ఎలా ఉందమ్మా? తీసి చూస్తే ఇంటిపేరు ముందుంది, అసలు పేరు వెనకుంది. ఇరవై ఏళ్ల కిందట పాస్‌పోర్టు దరఖాస్తులో ఎవరో ఒక గడిలో రాయాల్సింది ఇంకో గడిలో రాశారు, అది అలా సముద్రం దాటి వచ్చింది. కార్డు మీద ఉన్నట్టే కొడితే పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఆ ఐదు నిమిషాలకు ప్రభుత్వం దగ్గర పద్దు లేదు. నా ఫిర్యాదు అదే.

జరిగిన కథ అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. ఫారం చాంతాడంత ఉందని 2020 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ దాన్ని సరళం చేస్తూ చట్టం తెచ్చింది. వందకు పైగా ఉన్న ప్రశ్నలు సగానికన్నా తగ్గాయి. ఆదాయం వివరాలు పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వచ్చేలా ఏర్పాటు చేశారు. అక్టోబరు 1న తెరవాల్సిన కొత్త ఫారం 2023 డిసెంబరు 30న తెరిచారు, అదీ మొదట్లో రోజుకు కొద్దిసేపే. 2000 సంవత్సరంలో పుట్టినవాళ్లు ఒకచోట ఆగిపోయి ముందుకు కదల్లేకపోయారు. ధరల పెరుగుదలను లెక్కలో కలపడం మరిచిపోయారు. ఆ మరుపు దిద్దితే విద్యార్థులకు అదనంగా దక్కాల్సింది 180 కోట్ల డాలర్లని తేలింది. కాలేజీలకు దరఖాస్తుల వివరాలు చేరడం మార్చి మధ్యకు గానీ మొదలవలేదు.

ఇవన్నీ సాఫ్ట్‌వేర్ తప్పులు. అవి వస్తాయి, ఎప్పటికో దిద్దుతారు. నాకు మింగుడుపడనిది ఇంకో లెక్క. ప్రభుత్వ పనితీరును తనిఖీ చేసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసు 2024 సెప్టెంబరులో దాన్ని బయటపెట్టింది. కొత్త ఫారం వచ్చిన మొదటి 5 నెలల్లో హెల్ప్‌లైన్‌కు వచ్చిన కాల్స్ 54 లక్షలు. అందులో ఎవరూ ఎత్తనివి 40 లక్షలు. నలుగురు ఫోన్ చేస్తే దాదాపు ముగ్గురికి జవాబు లేదన్నమాట. కారణం సర్వర్లు కాదు, ఫోన్ల దగ్గర మనుషులు చాలకపోవడం. వెబ్‌సైట్లో అన్నీ రాసిపెట్టాం కదా, ఇంకా ఫోనెందుకు అనే ధోరణి దీని వెనక ఉంది. ఆ ధోరణి తప్పని ఎప్పుడో రుజువైంది.

2008లో ఒహాయో, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో నలుగురు ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. డబ్బు తీసుకుని ట్యాక్స్ రిటర్నులు నింపిపెట్టే హెచ్ అండ్ ఆర్ బ్లాక్ సంస్థ ఆఫీసులకు ట్యాక్స్ ఫైల్ చేయడానికి వచ్చిన తక్కువ ఆదాయం కుటుంబాలను తీసుకున్నారు. కొందరికి ట్యాక్స్ పని కాగానే ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, అవే కాగితాల్లోంచి వివరాలు తీసి, ఫాఫ్సా కూడా నింపించారు. అందుకు పట్టింది పది నిమిషాల లోపే. ఇంకొందరికి మీకు ఇంత సాయం రావచ్చని లెక్కగట్టి చెప్పి, ఫారం మీరే నింపుకోండని పంపేశారు. ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. పక్కన కూర్చుని నింపించిన ఇళ్లలో, హైస్కూలు చివరి ఏడాది పిల్లలు ఆ తరవాత రెండేళ్లు కాలేజీలో నిలిచిన వాటా 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగింది. సమాచారం మాత్రమే ఇచ్చి పంపిన వాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ రెండో ఫలితాన్నే ఎవరూ పట్టించుకోరు. ఎన్ని డాలర్లు వస్తాయో అంకెతో సహా చెప్పినా ఆ కుటుంబాలు కదల్లేదు. పక్కన మనిషి కూర్చుంటే కదిలాయి. పది నిమిషాలు కూర్చునే మనిషికి ఎంతవుతుంది? తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లలకు ఏడాదికి 7,395 డాలర్ల దాకా, తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ ఇస్తామని ప్రకటించే ప్రభుత్వం, ఆ గ్రాంట్ దాకా పిల్లను నడిపించే మనిషి దగ్గర మాత్రం పిసినారితనం చూపిస్తోంది. బావి తవ్వించి చేద కొననట్టుంది ఈ వ్యవహారం.

అవతలి వాదనా ఉంది. ఇప్పుడు ఫారం బాగుపడింది, 2026-27 ఫారాన్ని మునుపెన్నడూ లేనంత ముందుగా 2025 సెప్టెంబరు 24నే తెరిచారు, మామూలు ఇళ్లలో కూర్చున్నపాటున అయిపోతోంది, పాత గొడవలు తవ్వడం ఎందుకు అంటారు. అయ్యేవాళ్లకు అవుతోంది, కాదనను. తల్లీతండ్రీ ఒకే ఇంట్లో ఉండి, ఇద్దరికీ ఇంగ్లిష్ వచ్చి, ఉద్యోగం నిలకడగా ఉంటే ఫాఫ్సా అంత సులువైన ఫారం ఇంకోటి లేదు. డబ్బు సాయం మరీ అవసరమైన ఇళ్లు సాధారణంగా అలా ఉండవు.

మన ఇళ్ల సంగతే చూడండి. నాన్నది ఇంకా హెచ్-1బీయే, గ్రీన్ కార్డు రాలేదు, మనకెందుకిస్తారు అని అసలు ఫారం జోలికే పోనివాళ్లు నాకు తెలుసు. పిల్ల ఇక్కడే పుట్టింది, సిటిజన్. అర్హత చూసేది పిల్లకు, తల్లిదండ్రుల వీసాకు కాదు. అదే ఇంట్లో ఇండియాలో పుట్టి హెచ్-4 మీద ఉన్న అక్కకు మాత్రం ఫెడరల్ సాయం రాదు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు జవాబులు. ఇక ఆస్తుల ప్రశ్న దగ్గరకొస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401కే లో ఉన్నదంతా పెట్టుబడుల గడిలో రాసేస్తారు, రాయక్కర్లేదు. ఉంటున్న ఇంటి విలువ రాస్తారు, అదీ అక్కర్లేదు. ఇండియాలో కొన్న ప్లాటు మాత్రం, అక్కడెక్కడో ఉంది కదా అని వదిలేస్తారు. అది రాయాలి. ఫాఫ్సాతో పాటు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే రెండో ఫారం అడిగే ప్రైవేటు కాలేజీల లెక్క మళ్లీ వేరు, అక్కడ చాలాచోట్ల ఉంటున్న ఇంటినీ కలుపుతారు. వాట్సాప్ గ్రూపులో అడిగితే పది జవాబులొస్తాయి, అందులో ఆరు ఆ రెండో ఫారానివి.

ఇవి తప్పుగా నింపడం వల్ల వచ్చే చిక్కులు. సరిగ్గా నింపినా వచ్చే చిక్కు ఇంకొకటుంది, నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది నిజానికి అదే. ఫాఫ్సా చూసేది రెండేళ్ల కిందటి ఆదాయం. 2026-27కు లెక్కలోకి వచ్చేది 2024 ట్యాక్స్. అప్పుడు తండ్రి నెలనెలా జీతం తెస్తున్నాడు. ఇప్పుడు లేఆఫ్ అయి ఇంట్లో ఉన్నాడు. ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వచ్చిపడే అంకెను ఈయన మార్చలేడు, మారిస్తే నేరం. అమ్మాయి సంతకం పెట్టే చోట హెచ్చరిక ఉంటుంది. కావాలని తప్పుడు వివరాలిస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు, లేదా రెండూ. పదిహేడేళ్ల పిల్ల అది చదివి వణికిపోతుంది. మన దగ్గర డబ్బులున్నాయని ప్రభుత్వం అనుకుంటోంది నాన్నా, ఇక లాభం లేదు అనుకుని ల్యాప్‌టాప్ మూసేస్తుంది.

లాభం ఉంది. ఆ పిల్లకు చెప్పినవాళ్లు లేరు, అంతే. 1965 నాటి హయ్యర్ ఎడ్యుకేషన్ యాక్ట్‌లో సెక్షన్ 479ఏ అని ఒకటుంది. దాని ప్రకారం ఉద్యోగం పోవడం, భారీ వైద్య ఖర్చులు లాంటి పరిస్థితులుంటే కాగితాలు చూసి, లెక్కలో అంకెలు మార్చే అధికారం కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసర్‌కు ఉంది. దీన్ని ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటారు. హింస భరించలేక ఇల్లు వదిలేసిన పిల్లను, తల్లిదండ్రుల ఆదాయంతో పని లేకుండా స్వతంత్ర విద్యార్థిగా చూసే అధికారమూ ఆయనకే ఉంది (ఫీజు కట్టం పొమ్మన్నారు అనే కారణం ఒక్కటే అయితే చాలదు). ఆయన కాదంటే విద్యాశాఖకు అప్పీలు కూడా లేదు, కాలేజీ మాటే ఆఖరు. 2020 చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. ఇలా అడిగే అవకాశం ఉందని కాలేజీ బహిరంగంగా చెప్పాలి, ఎవరు అడిగినా కాదనడమే మా విధానం అనడానికి వీల్లేదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉంది. లేఆఫ్ అయిన అలాంటి ఒక ఇంటి కోసం ఒక కాలేజీ వెబ్‌సైట్లో ఈ దరఖాస్తు వెతికాను. కాలేజీ పేరు అనవసరం. ఫైనాన్షియల్ ఎయిడ్ మెనూలో కనబడలేదు. ఉద్యోగం పోయింది అని సెర్చ్ కొడితే కెరీర్ సెంటర్ పేజీ తెరుచుకుంది, రెజ్యుమే ఎలా రాసుకోవాలో చెప్పడానికి. చాలాసేపటికి 'స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్' పేరుతో ఒక పీడీఎఫ్ దొరికింది. ఆ పేరు తెలిసినవాడికి తప్ప దొరకదు, ఆ పేరు తెలిసినవాడికి సాయం అక్కర్లేదు. బహిరంగంగా చెప్పినట్టే లెక్క, ఎవరి చెవినా పడకుండా.

కాబట్టి హెల్ప్‌లైన్‌లో మనుషుల్ని పెంచడంతో పని అయిపోదు. హెల్ప్‌లైన్‌లో మాట్లాడే మనిషి ఫారం గురించి చెప్పగలడు, అంకె మార్చలేడు. మార్చగలిగిన మనిషి కాలేజీలో ఉన్నాడు, ఆయన దగ్గరికి వెళ్లాలని పిల్లకు తెలియదు. సాయం ఎంతో చెబుతూ కాలేజీ పంపే మొదటి ఉత్తరంలోనే, మొత్తం కన్నా పైన, మీ ఇంటి ఆదాయం మారి ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఒక వాక్యం రాయమనండి. పెద్ద సంస్కరణేమీ కాదు, సిరా ఖర్చు.

అసలు నాకు ఫాఫ్సా ఒక్కదాని మీదే కోపం లేదు. ఇప్పుడు ఏ ఆఫీసు చూసినా ఇదే కథ. కౌంటరు మూసేశారు, లోపల గుమాస్తా చేసే పని తెచ్చి మన నెత్తిన పెట్టారు, దానికి సరళీకరణ అని పేరు పెట్టారు. బ్యాంకులో అంతే, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో అంతే, వీసా దరఖాస్తులో అంతే. గుమాస్తాకు జీతముండేది, ట్రైనింగ్ ఉండేది, తప్పు రాస్తే దిద్దే హెడ్ క్లర్కు ఉండేవాడు. అదే ఫారం రోజుకు యాభైసార్లు నింపి నింపి చేయి తిరిగి ఉండేది. మనం జీవితంలో మొదటిసారి నింపుతాం, జరిమానా బెదిరింపు చదువుకుంటూ నింపుతాం, ఎవరూ దిద్దరు. మన దగ్గర సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట కూర్చునే దస్తావేజు లేఖరిని దళారీ అని చిన్నచూపు చూశాం. డబ్బు తీసుకుంటాడు నిజమే, కానీ ఏ గడిలో ఏం రాస్తే కాగితం వెనక్కి రాదో ఆయనకు తెలుసు. ఆయన్ని వద్దనుకున్నప్పుడు ఆ జ్ఞానాన్ని కూడా వద్దనుకున్నాం.

2025 మార్చిలో అమెరికా విద్యాశాఖ సిబ్బందిని దాదాపు సగానికి కుదించే నిర్ణయం తీసుకున్నారు. ఫోన్ ఎత్తేవాళ్లు లేరని ఆడిట్‌లో తేలి అప్పటికి ఆరు నెలలు. ఆ ఆడిట్ చదివి ఎవరైనా ఈ పని చేస్తారా? చదివే చేశారేమో, ఎత్తకపోయినా ఏమీ కాలేదు కదా అని.

మార్గం లేక కాదు. ఐఆర్‌ఎస్ ఆధ్వర్యంలో వీటా అనే కార్యక్రమం యాభై ఏళ్లుగా నడుస్తోంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా లైబ్రరీల్లో, చర్చిల్లో వలంటీర్లు కూర్చుని తక్కువ ఆదాయం వాళ్లకు ఉచితంగా ట్యాక్స్ రిటర్నులు నింపిపెడతారు. ట్రైనింగ్ ఉంటుంది, పరీక్ష ఉంటుంది, ఒకరు నింపింది ఇంకొకరు చూస్తారు. 2008లో ఆ ప్రయోగం జరిగింది సరిగ్గా ఇలాంటి కుర్చీలోనే. ఇంట్లో పన్నెండో క్లాసు పిల్లలున్నారా అని అడగడం, ఉంటే ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టడం, ఆ పది నిమిషాలకు నిధులివ్వడం. కాంగ్రెస్ చేయాల్సింది ఇంతే.

ఈలోగా మన తెలుగు సంఘాలేం చేస్తున్నట్టు? సీపీఏలకు కొదవ లేదు, ఫారాలు నింపి నింపి అరిగిపోయిన తల్లిదండ్రులకు కొదవ లేదు. కన్వెన్షన్ సెంటర్లు బుక్ చేసి వేలమందికి భోజనాలు పెట్టగలం, ఇండియా నుంచి హీరోయిన్లను పిలిపించగలం. అక్టోబరులో నాలుగు శనివారాలు ఒక లైబ్రరీ గదిలో రెండు టేబుళ్లు వేయలేమా? ఈ మాటే మా ఊరి సంఘం పెద్ద ఒకాయనతో అన్నాను. చాలా మంచి ఆలోచనండీ, తప్పకుండా చేద్దాం, మన వెబ్‌సైట్లో ఒక లింకు పెట్టిస్తాను అన్నారు.