డెంటల్ సీటుకు పోటీ: అసలు లెక్క కుర్చీల దగ్గరుంది

డెంటల్ కాలేజీలో చేరాలనుకునేవాళ్లు ముందుగా వెతికేది ఒకటే. ఆ కాలేజీకి దరఖాస్తు పెట్టిన వందమందిలో ఎంతమందికి సీటు వస్తోంది? అమెరికాలోని చాలా డెంటల్ స్కూళ్లలో ఆ అంకె పది లోపే ఉంటుంది. అయిదు శాతం, ఆరు శాతం అని చూడగానే నీరసం వస్తుంది. ఇంట్లోవాళ్లు "మనకెందుకొచ్చిన గొడవ" అంటారు. ఆ ఒక్క అంకె చూసి ప్రయత్నమే మానుకునేవాళ్లూ ఉంటారు. ఆ అంకె అబద్ధమేమీ కాదు గానీ, అది లెక్కపెట్టింది కాగితాలను. మనుషులను లెక్కపెడితే బొమ్మ చాలా మారిపోతుంది.

అమెరికాలో ఏటా డెంటల్ సీటుకు ప్రయత్నించేవాళ్లు సుమారు 11 నుంచి 12 వేల మంది. మొదటి సంవత్సరం సీట్లు 6 వేలకు పైనే. అంటే ఆ ఏడాది రంగంలోకి దిగినవాళ్లలో కాస్త అటూ ఇటూగా సగం మందికి ఎక్కడో ఒకచోట సీటు దొరుకుతుంది. మరి కాలేజీల లెక్కలో అయిదారు శాతం ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడ ఒక ఉమ్మడి పోర్టల్ ద్వారా ఎన్ని కాలేజీలకైనా దరఖాస్తు పంపొచ్చు. 11 వేల మంది పదేసి కాలేజీలకు పంపారనుకుందాం. లక్షా 10 వేల దరఖాస్తులవుతాయి. వాటి పక్కన 6 వేల సీట్లు పెడితే అయిదున్నర శాతం. ఒకే అభ్యర్థి పది చోట్ల లెక్కకొచ్చి, తొమ్మిది చోట్ల "సీటు రానివాడు"గా నమోదవుతాడు. భయం పెరిగిన కొద్దీ ఇంకో రెండు కాలేజీలకు పంపుతారు. దాంతో వచ్చే ఏడాది శాతం ఇంకాస్త తగ్గుతుంది. అది చూసి తర్వాతి బ్యాచ్ మరింత భయపడుతుంది.

అలాగని సగం మందికి వస్తుందని ధీమా పడే పరిస్థితీ లేదు. ఆ 11 వేల మంది అప్పటికే వడపోతలో మిగిలినవాళ్లు. సాధారణంగా డిగ్రీ పూర్తి చేసినవాళ్లో, పూర్తి చేయబోతున్నవాళ్లో. బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ గట్టెక్కినవాళ్లు. డీఏటీ అనే ప్రవేశ పరీక్ష రాసినవాళ్లు. చేరినవాళ్ల సగటు జీపీఏ, అంటే డిగ్రీ మార్కుల సగటు, నాలుగుకు 3.6 దగ్గర ఉంటుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గరే ఆశ వదులుకున్నవాళ్లు ఏ లెక్కలోనూ కనపడరు.

మన దేశంలో లెక్క ఇంకో తీరుగా ఉంటుంది. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైనే. బీడీఎస్ సీట్లు సుమారు 27 వేలు. భాగించి చూస్తే 80 మందికి పైగా ఉంటే ఒక సీటు. ఇంత పోటీ ఉన్నచోట ఒక్క సీటు కూడా మిగలకూడదు కదా? కానీ 2020-21లో 7 వేల దాకా బీడీఎస్ సీట్లు ఖాళీగా మిగిలిపోయాయి. చివరికి 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే జోక్యం చేసుకుని, అర్హత కటాఫ్‌ను 10 పర్సంటైల్ తగ్గించమని చెప్పాల్సి వచ్చింది. కారణం అందరికీ తెలిసిందే. డెంటల్‌కు విడిగా పరీక్ష లేదు. ఎక్కువమంది రాసేది ఎంబీబీఎస్ కోసమే. అది రానివాళ్లలో కొందరు బీడీఎస్ వైపు చూస్తారు, కొందరు మళ్లీ లాంగ్ టర్మ్‌కు వెళ్తారు. ప్రభుత్వ డెంటల్ కాలేజీ సీటుకు కొట్లాట ఉంటుంది, ఫీజు భారీగా ఉండే ప్రైవేటు కాలేజీలో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. కాబట్టి 80 మందికి ఒక సీటు అన్న లెక్కకు డెంటల్ చదువుతో సంబంధమే తక్కువ.

ఇక అసలు విషయానికి వద్దాం. సీట్లు ఎందుకు పెరగవు? లెక్చర్ హాల్లో వందమంది కూర్చునేచోట ఇంకో పాతికమందిని సర్దొచ్చు. డెంటల్ క్లినిక్‌లో అలా కుదరదు. ఒక్క విద్యార్థి చికిత్స చేయాలంటే ఒక కుర్చీ కావాలి. దానికి లైటు, నీళ్లు, గాలి, ఉమ్మును లాగే గొట్టం ఉండాలి. నోరు తెరిచి గంటలకొద్దీ ఓపిగ్గా కూర్చునే పేషెంటు కావాలి. ప్రతి దశలోనూ వచ్చి చూసి "సరే, ముందుకెళ్లు" అనే టీచరు ఉండాలి. ఆ టీచరు ఒకేసారి కొద్దిమందినే చూడగలరు. డాక్టరు చదువులో చేతిపని చాలావరకు పట్టా వచ్చిన తర్వాతి శిక్షణలోనే పక్వానికి వస్తుంది. పళ్ల డాక్టరుకు ఆ వెసులుబాటు లేదు. పట్టా పుచ్చుకునేనాటికే పుచ్చు తీయడం, పన్ను నింపడం, పీకడం సొంతంగా వచ్చి తీరాలి.

నేర్చుకునే తీరు దగ్గర నుంచి చూస్తే ఈ ఇబ్బంది ఇంకా బాగా అర్థమవుతుంది. మొదట్లో ప్లాస్టిక్ పళ్లు బిగించిన బొమ్మ తల మీద సాధన చేస్తారు. పైదవడ వెనక పన్ను మీద పని అంటే సూటిగా కనపడదు. ఎడమ చేత్తో చిన్న అద్దం పట్టుకుని, అందులో చూస్తూ కుడి చేత్తో డ్రిల్ నడపాలి. అద్దంలో దూరంగా జరుగుతున్నట్టు కనిపించేది నిజానికి దగ్గరకు వస్తుంటుంది. మొదట్లో చెయ్యి అనుకున్న వైపుకు కాకుండా ఎదురు దిక్కుకు పోతుంది. అర మిల్లీమీటరు ఎక్కువ చెక్కితే పన్ను పాడైనట్టే. మళ్లీ కొత్త పన్ను బిగించి మొదలుపెట్టాలి. దీన్ని వీడియో చూసి నేర్చుకోలేరు, పక్కవాడు చేస్తుంటే చూసీ నేర్చుకోలేరు. ఎవరి కుర్చీ వాళ్లకుండాలి. డెంటల్ సీటు అంటే నాలుగైదేళ్ల పాటు ఆ కుర్చీ, ఆ టీచరు, ఆ పేషెంట్లు ఒకరికి దక్కడం. కాలేజీకి ఇది ఖరీదైన వ్యవహారం.

ఖర్చు భరించలేకనో, గిరాకీ లేకనో చేతులెత్తేసిన కాలేజీలూ ఉన్నాయి. 1970ల మధ్యలో అమెరికాలో డెంటల్ అభ్యర్థులు 15 వేలు దాటారు. 1980ల చివరికి వాళ్లు 5 వేల దగ్గరకు పడిపోయారు. జార్జ్‌టౌన్, ఎమరీ, సెయింట్ లూయీలోని వాషింగ్టన్ యూనివర్సిటీ వంటి పేరున్న సంస్థలే డెంటల్ స్కూళ్లు మూసేశాయి. 2001లో నార్త్‌వెస్టర్న్ కూడా మూసేసింది. ఆ తర్వాత గాలి మారింది, కొత్త స్కూళ్లు వచ్చాయి, ఇప్పుడవి 70కి పైనే. 1989లో సులువుగా సీటు తెచ్చుకున్న అభ్యర్థి ఇవాళ్టి అభ్యర్థి కంటే తెలివైనవాడేం కాదు. పుట్టిన సంవత్సరం కలిసొచ్చింది, అంతే. సీటు రాని పిల్లలు తమను తాము తిట్టుకుంటుంటే, కనీసం పెద్దవాళ్లయినా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇంగ్లండ్‌లో అయితే గిరాకీతో పనే లేదు. ఏటా ఎంతమందిని చేర్చుకోవాలో ప్రభుత్వమే పరిమితి పెడుతుంది. చాలా ఏళ్లుగా అది 800 పైచిలుకు. ఒకవైపు ప్రభుత్వ ఆరోగ్య సేవ కింద పళ్ల డాక్టరు దొరక్క జనం అల్లాడుతున్నారు, మరోవైపు చదువుతామని వచ్చేవాళ్లను తిప్పి పంపుతున్నారు. 2031-32 నాటికి శిక్షణ సీట్లను 40 శాతం పెంచి 1,100 దాటిస్తామని 2023లో ప్రణాళిక ప్రకటించారు. అక్కడి అభ్యర్థి నాలుగు డెంటల్ స్కూళ్లకు మించి దరఖాస్తు చేయడానికి వీల్లేదు. గడువు అక్టోబర్ 15. కాబట్టి అమెరికాలోలా దరఖాస్తుల వరద ఉండదు. కానీ నాలుగింట్లో ఒకటి తప్పుగా ఎంచుకుంటే పావు వంతు అవకాశం పోయినట్టే.

సీట్లు పెంచేస్తే సరిపోతుందా అంటే, జపాన్‌ను చూడాలి. అక్కడ డెంటల్ కాలేజీలు ఎక్కువై, డెంటిస్టులు ఎక్కువయ్యారన్న ఆందోళన మొదలైంది. 2006లో విద్య, ఆరోగ్య మంత్రిత్వ శాఖలు కలిసి, చేర్చుకునేవాళ్ల సంఖ్య తగ్గించాలని, జాతీయ లైసెన్సు పరీక్షను కఠినం చేయాలని నిర్ణయించాయి. తర్వాత చాలా ఏళ్లపాటు ఆ పరీక్షలో ఉత్తీర్ణత 65 శాతం దగ్గరే ఆగింది. అదే దేశంలో డాక్టర్ల పరీక్ష పాసయ్యేవాళ్లు 90 శాతం. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో చేరడం తేలిక. ఆరేళ్లు చదివి, డబ్బు ధారపోశాక చివరి మెట్టు దగ్గర ఆగిపోవడం మాత్రం భరించలేనిది. నన్నడిగితే, అంతకంటే గుమ్మం దగ్గరే వద్దనడం మేలు.

అయితే గుమ్మం దగ్గర ఎవరిని రమ్మంటున్నారు, ఎవరిని వద్దంటున్నారు? నాకు పేచీ ఉన్నది ఇక్కడే. ఒకప్పుడు అమెరికా డీఏటీలో సుద్దముక్క చెక్కించేవారు. అభ్యర్థికి సుద్ద దిమ్మ, కత్తి, కొలతలతో గీసిన బొమ్మ ఇస్తారు. అచ్చం అలాగే చెక్కి చూపించాలి. 1970ల మొదట్లో దాన్ని తీసేసి కాగితం మీద ప్రశ్నలు పెట్టారు. కెనడాలో సబ్బు చెక్కే పరీక్ష చాలాకాలం నడిచింది. అరగంటలో సబ్బు కడ్డీని బొమ్మలో ఉన్న ఆకారానికి తేవాలి. దాన్నీ తీసేశారు. వేలమంది చెక్కిన ముక్కలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని కొలిచి మార్కులు వేయడం ఎంత పనో ఊహించుకోవచ్చు. ఇప్పుడు డీఏటీలో ఆ సుద్ద చెక్కే పరీక్ష స్థానంలో ఉన్నవి 90 ప్రశ్నలు, 60 నిమిషాలు. నాలుగు కోణాలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసలో పెట్టాలి. మడతపెట్టిన కాగితానికి రంధ్రం చేస్తే, విప్పాక రంధ్రాలు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పాలి. కంటి ఊహను ఇది బాగానే పరీక్షిస్తుంది. చేతి సంగతి మాత్రం కాలేజీలో చేరాకే తేలుతుంది.

సాధనతో చెయ్యి కుదురుతుందని, దాన్ని ముందే పరీక్షించడం అన్యాయమని అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. బొమ్మ తల ముందు మొదటి నెల తడబడిన చాలామంది తర్వాత చక్కగా చేస్తారు. కానీ కంటి ఊహకైనా పరీక్ష ఉండటం మేలు. మన నీట్‌లో అదీ లేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, 720 మార్కులు, ఒక ర్యాంకు. ఇంటర్వ్యూ లేదు. ఈ పనంటే నీకు ఇష్టమేనా అని అడిగే మనిషి దారిలో ఎక్కడా తగలడు. ఒక్క ర్యాంకుతో సీటివ్వడంలో ఒక న్యాయముంది, సిఫారసులకు చోటుండదు. నేను దాన్ని తీసేయమనను. కానీ ఇష్టం లేకుండా వచ్చినవాళ్లు, ఇష్టమున్నా నాలుగు మార్కులతో ఆగిపోయినవాళ్లు పక్కపక్కనే ఉంటున్నారు. ఆ నష్టం పేషెంటు నోటి దాకా వెళ్తుంది.

ఇంటర్వ్యూలూ, అనుభవాలూ చూసే దేశాల్లో ఇంకో అన్యాయం ఉంది. డెంటిస్టు పక్కన నిలబడి పని చూసిన అనుభవం ఎన్ని గంటలుందని అమెరికా కాలేజీలు అడుగుతాయి. ఇంట్లో డెంటిస్టు ఉన్న పిల్లలకు అది సెలవుల్లో అయిపోయే పని. తెలిసినవాళ్లెవరూ లేని పిల్లలు క్లినిక్ క్లినిక్‌కూ ఫోన్ చేసి బతిమాలుకోవాలి. పైగా అక్కడ చాలా కాలేజీలు దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టు చూస్తూ ఇంటర్వ్యూలకు పిలుస్తాయి. జూన్‌లో పంపినవాళ్ల ముందు ఖాళీలు నిండుగా ఉంటాయి. గడువు దగ్గరపడ్డాక పంపినవాళ్లు మిగిలిన కొద్ది సీట్లకు పోటీపడతారు. రాష్ట్ర ప్రభుత్వ కాలేజీలు ఆ రాష్ట్రం వాళ్లకే పెద్దపీట వేస్తాయి. ఇవేవీ రహస్యాలు కావు. కానీ చెప్పేవాళ్లు ఉన్నవాళ్లకు ముందు తెలుస్తాయి, లేనివాళ్లకు ఒక ఏడాది పోగొట్టుకున్నాక తెలుస్తాయి.

ఏడాది పోవడం మామూలు విషయం కాదు. సీటు రానివాళ్లలో చాలామంది మళ్లీ రాస్తారు. తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరుతుంటే వీళ్లు అవే పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు. ఎక్కడ తక్కువైందో తెలియదు. మార్కులా? ఇంటర్వ్యూలో మాట తీరా? దరఖాస్తు ఆలస్యమైందా? చాలాసార్లు "ఈసారి మీకు అవకాశం ఇవ్వలేకపోతున్నాం" అన్న రెండు లైన్ల ఈమెయిలే జవాబు. దాన్ని పట్టుకుని తెలిసినవాళ్లనూ కోచింగ్ సెంటర్లనూ అడుగుతూ తిరుగుతారు. తలో మాట చెబుతారు, టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

సీట్లు రాత్రికి రాత్రి పెరగవు, కుర్చీల లెక్క అలాంటిది. కానీ కాలేజీలు ఈ ఏడాదే చేయగల పనులున్నాయి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయో చెప్పి ఊరుకోకుండా, ఎంతమందిని ఇంటర్వ్యూకు పిలిచారు, ఎంతమందికి సీటిస్తామన్నారు, వాళ్లలో ఎంతమంది చేరారు, రెండోసారి వచ్చినవాళ్లలో ఎంతమందికి దక్కింది అనేవి విడివిడిగా ప్రకటించాలి. స్థానికులకూ బయటివాళ్లకూ వేర్వేరు అంకెలివ్వాలి. కౌన్సెలింగ్ పద్ధతి ఉన్నచోట, బీడీఎస్‌ను మొదటి ఐచ్ఛికంగా పెట్టుకున్నవాళ్లు ఎంతమంది, తప్పక వచ్చినవాళ్లు ఎంతమంది అన్నది బయటపెట్టాలి. ఇంటర్వ్యూ దాకా పిలిచి కాదన్న అభ్యర్థికి ఏ అంశంలో వెనకబడ్డాడో నాలుగు వాక్యాల్లో రాసి పంపాలి. మార్కుల షీటు ఎలాగూ కాలేజీల దగ్గరే ఉంటుంది.