కొలవకుండా కొనకండి

సర్వర్ నెమ్మదించిందని ఎవరైనా చెప్పగానే కొత్త యంత్రం కొనమనే వారితోను, పాత రికార్డింగులో మాట సరిగా వినిపించడం లేదనగానే సౌండు పెంచమనే వారితోను నాకు గట్టి విభేదం ఉంది. ఆ రెండు సలహాలలోనూ ఉన్న లోపం ఒక్కటే. విండోస్ స్థానంలో వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ ఉన్న యంత్రంలో ఒక కమాండ్ కొడితే తెలిసిపోయే సంగతిని చూడకుండానే ఇద్దరూ తీర్పు చెప్పేస్తున్నారు.

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు పల్లెల్లో ఇళ్ళలో మూలన పడి ఉన్న ఒగ్గుకథల, యక్షగానాల, బతుకమ్మ పాటల క్యాసెట్లను సేకరించి, కంప్యూటర్లోకి ఎక్కించి, అడిగిన వారికి వినిపించే పని మేము కొందరు మిత్రులం చేస్తున్నాం. ఖర్చంతా చందాల మీదే నడుస్తుంది కనుక, అనవసరంగా కొన్న ప్రతి వస్తువూ ఎక్కడో ఒక క్యాసెట్‌ను బూజుకు వదిలేయడమే అవుతుంది. నాలుగు కోర్ల (ఒకేసారి నాలుగు పనులు నడపగల) ప్రాసెసర్, ఒకే ఒక హార్డ్ డిస్క్ ఉన్న పాత యంత్రమే మా సర్వర్. సాయంత్రం పూట పాటలు ఆగి ఆగి వస్తున్నాయని ఫిర్యాదులు పెరిగినప్పుడు, దాన్ని అమర్చి ఇచ్చిన సరఫరాదారుణ్ణి పిలిపించాం. ఆయన ‘అప్‌టైమ్’ కమాండ్ కొట్టి, “సార్, లోడ్ తొమ్మిది సూపెడుతుంది, నాలుగు కోర్ల మిషన్ మీద ఇంత లోడ్ ఉంటే ఇంకేం నడుస్తది, కొత్తది తీసుకోండ్రి” అని అక్కడికక్కడే కొటేషన్ రాసి ఇచ్చారు.

అప్‌టైమ్ చూపే ఆ లోడ్ యావరేజ్ అంటే ప్రాసెసర్ ఎంత శాతం పనిలో ఉందో చెప్పే అంకె కాదు. ఫ్రీబీఎస్‌డీ వంటి ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ప్రాసెసర్ మీద నడుస్తున్న పనులు, వంతు కోసం కాచుకున్న పనులు మాత్రమే అందులోకి వస్తాయి. లినక్స్‌లో అయితే డిస్క్ నుంచి జవాబు రాక కదలలేని స్థితిలో ఆగిపోయిన పనులు కూడా అదే లెక్కలో కలుస్తాయి. ఈ మార్పు 1993లో వచ్చిన ఒక చిన్న ప్యాచ్‌తో (కోడ్ సవరణతో) మొదలైందని కంప్యూటర్ల పనితీరు నిపుణుడు బ్రెండన్ గ్రెగ్ పాత మెయిళ్ళు తవ్వి బయటపెట్టారు. కాబట్టి లినక్స్‌లో లోడ్ తొమ్మిది ఉందంటే తొమ్మిది పనులు దేనికోసమో ఆగి ఉన్నాయని లేదా నడుస్తున్నాయని తెలుస్తుందే తప్ప, అవి దేని దగ్గర ఆగాయో తెలియదు.

అది తెలియాలంటే ‘వీఎంస్టాట్ 1’ అని కొట్టి, సెకనుకొక వరుస చొప్పున ఒక నిమిషం చూస్తే చాలు. మొదటి వరుస యంత్రం ఆన్ అయినప్పటి నుంచి లెక్కించిన సగటు కనుక దాన్ని వదిలేయాలి. మా సర్వర్‌లో సాయంత్రం పూట నడుస్తున్న, వంతు కోసం కాచుకున్న పనులను చూపే ‘ఆర్’ గడిలో ఒకటి, రెండు కదులుతుంటే, డిస్క్ కోసం ఆగిన పనులను చూపే ‘బీ’ గడిలో ఏడు, ఎనిమిది కనిపించాయి. ప్రోగ్రాముల కోసం ప్రాసెసర్ పనిచేసిన సమయాన్ని చూపే ‘యూఎస్’ పది శాతానికి చేరలేదు, డిస్క్ కోసం ఎదురుచూస్తూ ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయాన్ని చూపే ‘డబ్ల్యూఏ’ మాత్రం మిగతా గడులన్నిటినీ మించి ఉంది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ వైపు చూస్తోందన్న మాట. బోరులో నీళ్ళు అడుగంటితే మూడు హెచ్‌పీ మోటారు తీసి ఐదు హెచ్‌పీది దించినందువల్ల మడి తడవదని నల్లగొండ జిల్లా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు, కానీ కంప్యూటర్ల దగ్గరికి వచ్చేసరికి చదువుకున్న వాళ్ళే ఆ మోటారుకు డబ్బు కడుతున్నారు.

కారణం వెతికితే దొరికింది. యంత్రాన్ని అమర్చిన వారు వేవ్ (కుదించని శబ్దపు) ఫైళ్ళ చెక్‌సమ్‌ను, అంటే ఫైలు చెడలేదని తేల్చే గుర్తు అంకెను, సరిచూసే పనిని, జనం ఎక్కువగా వినే సాయంత్రం వేళకే, ‘ఎక్స్‌ఆర్గ్స్’ కమాండ్ ద్వారా ఒకేసారి ఎనిమిది చొప్పున నడిచేలా పెట్టి ఉంచారు. 24 బిట్ల, సెకనుకు 48,000 శాంపిళ్ళ (శబ్దపు కొలతల) స్టీరియో వేవ్ ఫైలు గంటకు వెయ్యి మెగాబైట్లు దాటుతుంది. ఎనిమిది పనులు ఎనిమిది చోట్ల నుంచి అంతంత ఫైళ్ళను చదవమంటే, నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్ మీద చదివే తల అటూ ఇటూ పరుగెత్తడానికే సమయమంతా పోతుంది. ఆ పనిని అర్ధరాత్రికి మార్చి, ఒకసారికి ఒకే ఫైలు చదివేలా పెట్టిన తరువాత సాయంత్రం ఫిర్యాదులు ఆగాయి. ఖర్చు సున్నా.

అలాగని ప్రాసెసర్ ఎప్పుడూ నిర్దోషి అని నేను అనడం లేదు. అవే వేవ్ ఫైళ్ళను ఓపస్ అనే చిన్న సైజు ఫార్మాట్‌లోకి మార్చే పని పెడితే ‘యూఎస్’ గడి నిండిపోతుంది, అప్పుడు కోర్లు పెంచడంలో అర్థముంది. ఏ పని ఎటువంటిదో ‘టైమ్’ కమాండ్ చెప్పేస్తుంది. ‘రియల్’ (గడియారంలో గడిచిన మొత్తం సమయం) చాలా పెద్దదై, ‘యూజర్’, ‘సిస్’ (ప్రాసెసర్ పనిచేసిన సమయం) రెండూ కలిపినా అందులో చిన్న వంతే ఉంటే ఆ పని ఎక్కువసేపు ఎదురుచూస్తూ గడిపిందని అర్థం.

కొలవడంలోనూ జరిగే మోసాలున్నాయి. కొత్త డిస్క్ పెట్టి, అప్పటికే ఒకసారి చదివిన ఫైలునే మళ్ళీ చదివించి ‘పది రెట్లు వేగం’ అని చూపించేవారున్నారు. రెండోసారి ఆ ఫైలు డిస్క్ నుంచి కాదు, మెమరీలో అప్పటికే దాచి ఉంచిన కాపీ (పేజ్ క్యాష్) నుంచి వచ్చిందని వారు చెప్పరు. మే నెల మధ్యాహ్నం కొలిచిన అంకెను డిసెంబరు రాత్రి కొలిచిన అంకెతో పోల్చడం కూడా అంతే తప్పు. మన ఎండలకు ఏసీ లేని గదిలో ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, కనుక ‘సెన్సర్స్’ కమాండ్ చూపే ఉష్ణోగ్రత కూడా పక్కన రాసి ఉండాలి. ఇక సగటుల సంగతి. నూరు మందిలో 99 మందికి 10 మిల్లీసెకన్లలో జవాబు వచ్చి, ఒక్కరికి 5 సెకన్లు పడితే సగటు 60 మిల్లీసెకన్లే వస్తుంది. ఆ అంకెలో ఆ ఒక్కరి ఇబ్బంది ఎక్కడా కనబడదు.

ఇప్పుడు శబ్దం విషయానికి వస్తాను, ఎందుకంటే అక్కడ జరుగుతున్న నష్టం సర్వర్ నష్టం కన్నా పెద్దది. యంత్రాన్ని మళ్ళీ కొనుక్కోవచ్చు, చనిపోయిన ఒగ్గు కళాకారుడి గొంతును మళ్ళీ రికార్డు చేయలేం. ఒగ్గుకథ రికార్డింగును ‘సాక్స్’ అనే శబ్ద ప్రోగ్రాంలో కొలతలు చూపే ‘స్టాట్స్’ పెట్టి చూడండి. డోలు దెబ్బ పడిన చోట పీక్ (అత్యధిక మట్టం) డిజిటల్ శబ్దానికి గరిష్ఠ హద్దయిన సున్నా డెసిబెల్స్ అంచును తాకుతూ ఉంటుంది, ఆర్ఎంఎస్ (సగటు మట్టం) మాత్రం ఎంతో కింద ఉంటుంది. ఆ పీక్‌ను చూసి నార్మలైజ్ చేస్తే, అంటే పీక్ హద్దును తాకేంత వరకే మొత్తాన్ని పెంచితే, కథకుడి మాట అంగుళం కూడా పైకి రాదు. చెవి వినే బిగ్గరదనాన్ని కొలవడానికి యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 2010లో ఆర్ 128 ప్రమాణాన్ని తెచ్చి, మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్‌ను (బిగ్గరదనపు కొలమానం) లక్ష్యంగా పెట్టింది. ఆ కొలత ‘ఎఫ్ఎఫ్‌ఎంపెగ్’ అనే ప్రోగ్రాంలో ఉచితంగా ఉంది. ఫోను స్పీకర్లో విని “బాగానే ఉంది” అనేవారు దాన్ని ఒక్కసారైనా నడపాలని కోరుతున్నాను.

జాతరలలో మైకుసెట్టు వాళ్ళ దగ్గర నుంచి ఎక్కించిన క్యాసెట్లలో కరెంటు గుయ్యిమనే మోత ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ మోత 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర సన్నని గీతలుగా సాక్స్ గీసే స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే బొమ్మలో) కనిపిస్తుంది. గీత ఎక్కడుందో చూసి అక్కడ మాత్రమే సన్నగా కోస్తే చాలు. చూడకుండా కింది శబ్దాలన్నీ కోసేస్తే మోతతో పాటు డోలు నిండుదనం పోతుంది. నాయిస్ రిడక్షన్‌ను (రొద తగ్గించే తీవ్రతను) సాక్స్ మామూలుగా పెట్టే 0.5 దగ్గరే వదిలేస్తే తాళాల గలగల, గజ్జెల మోత నీళ్ళలో మునిగినట్టు మారవచ్చు, అందుకే చిన్న అంకెతో మొదలుపెట్టి, తీసేసిన భాగాన్ని విడిగా విని చూడాలి. మూలాన్ని ముట్టకుండా, ఏ వివరమూ పోకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లో దాచాలి. ఫ్లాక్ ఫైలు తన లోపలి శబ్దపు ఎండీ5 గుర్తును (ఒక రకం చెక్‌సమ్) తనలోనే ఉంచుకుంటుంది కనుక, ఏళ్ళ తరువాత కూడా ఒక్క శాంపిల్ చెడిందా లేదా అని ఒకే కమాండ్‌తో సరిచూడవచ్చు.

కమాండ్ లైన్‌ను నేను ఇంతగా పట్టుకుని ఉండడానికి కారణం ఇదే. మౌసుతో ఏ మీట ఎంత తిప్పారో మరుసటి నెలకు ఎవరికీ గుర్తుండదు, కానీ కొట్టిన కమాండ్ ఒక వరుసగా ఫైలు పక్కనే నిలిచి ఉంటుంది. దేవరకొండలో ఉన్న మిత్రుడు దాన్ని నడిపినా, వనపర్తిలో ఉన్న మిత్రుడు నడిపినా అదే ఫలితం రావాలి, రాకపోతే ఎందుకు రాలేదో వెతకవచ్చు.

ఇకపై మాకు యంత్రం అమ్మదలచిన వారు లోడ్ అంకె ఒక్కటి చూపితే సరిపోదు. ఫిర్యాదు వచ్చిన వేళకే తీసిన వీఎంస్టాట్, డిస్క్ పనిని చూపే ఐఓస్టాట్ వరుసలు, ఆ సమయంలో ఏ పని నడుస్తోందన్న వివరం, కొత్త యంత్రంలో ఏ గడి ఎంత తగ్గుతుందన్న మాట కొటేషన్‌కు జతచేయాలి. అవి లేని కొటేషన్‌ను చందాలిచ్చిన వారి ముందు పెట్టం.