మార్కింగ్ గోడ మీద, దెబ్బ బాడుగ పోర్షన్ మీద

తిరుపతిలో రోడ్డు వెడల్పు చేస్తామని గోడ మీద గీత గీసి వెళ్లారంటే ఊరంతా మాట్లాడుకునేది టీడీఆర్ బాండు గురించే. రోడ్డుకు పోయిన స్థలానికి డబ్బుకు బదులు ఇచ్చే కాగితం అది, దాంతో వేరేచోట అదనంగా కట్టుకోవచ్చు, లేదా ఆ హక్కును అమ్ముకోవచ్చు. ఎన్ని గజాలకు ఇచ్చారు, ఎవరికి ముందు ఇచ్చారు, మధ్యలో ఎవరు తిన్నారు. ఆ రచ్చ అందరికీ తెలిసిందే, మళ్లీ తవ్వను. ఆ గీత వెనకున్న ఇంట్లో బాడుగకున్న కుటుంబం ఊసు మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. పాత ఊళ్లో రేపు ఎవరుంటారనేది ఆ కుటుంబాన్ని బట్టే తేలుతుంది.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల 30 అడుగుల ముఖం, 36 అడుగుల లోతున్న పాత మిద్దె ఒకటి అనుకుందాం. అంకణం అంటే 36 చదరపు అడుగులు, ఆ లెక్కలో 30 అంకణాలు. కింద ఇంటాయన, వెనక ఒక పోర్షన్, పైన రెండు. రోడ్డుకు 10 అడుగులు ఇస్తే పోయేది 8 అంకణాల చిల్లర. కాగితం మీద పావు వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. కానీ మెట్లు, మీటరు బోర్డు, కుళాయి కనెక్షన్ సాధారణంగా వీధివైపే ఉంటాయి. మెట్లు కొట్టేసిన రోజే పై పోర్షన్లు ఖాళీ. పిల్లర్లు లేకుండా గోడల మీదే దూలాలు ఆన్చిన కట్టడమైతే, ముందు గోడ తీశాక దూలానికి ఆనిక ఉండదు. దాన్ని నిలబెట్టే ఖర్చు చూసి మేస్త్రీయే మొత్తం పడగొట్టేయమంటాడు. మిగిలిన 21 అంకణాల్లో లేచేది కింద షట్టర్లు, పైన యాత్రికుల గదులు. నెల బాడుగ కన్నా రోజు బాడుగ గిట్టుబాటు కాబట్టి ఇంటాయన్ని తప్పుపట్టలేం. పైగా 2021 నుంచి ఆస్తిపన్ను అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ మీద, అంటే ఆస్తి ధర మీద పడుతోంది. రోడ్డు పడితే రిజిస్ట్రేషన్ విలువ లేస్తుంది, దాని వెంటే పన్ను. ఏటా 15 శాతం దాటకూడదన్న పరిమితి ఉంది, నిజమే. ఏటా ఆ 15 శాతం పెంచుకుంటూ పోతే ఐదేళ్లకు పన్ను రెట్టింపు.

రోజూ 60, 70 వేల మంది కొండెక్కే ఊళ్లో రోడ్లు వెడల్పు చేయకుండా ఎలా అంటారు. చేయాల్సిందే. ఖాళీ చేసినవాళ్లకు ప్రభుత్వం ఇళ్లిస్తోంది కదా అనీ అంటారు. టిడ్కో ఇళ్లంటే, పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లు, రేణిగుంట అవతల వికృతమాలలో ఉన్నాయి. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో పట్టణ పేదకు దక్కింది సెంటు స్థలం, అంటే 12 అంకణాలు, అదీ ఊరి బయట. తెల్లారక ముందే వీధి ఊడ్చాల్సిన మనిషికి, మాలలు కట్టి గుడి దగ్గర అమ్ముకునే ఆమెకు అక్కడి 300 చదరపు అడుగుల ఇంటికన్నా నడిచిపోయే దూరంలో ఒక గది మేలు.

2013 భూసేకరణ చట్టం ప్రకారం, పట్టణంలో మూడేళ్లుగా ఒకచోట నివసిస్తున్న కుటుంబం భూమి తనది కాకపోయినా బాధిత కుటుంబమే. కానీ కార్పొరేషన్ ఇంటాయనతో మాట్లాడుకుని ఆయన చేతిలో బాండు పెడితే భూసేకరణ జరగనట్టే, కాబట్టి పునరావాసం అడిగేవాడూ ఉండడు. టీడీఆర్‌లో నాకు అవినీతికన్నా పెద్ద లోపం ఇదే. 2014 వీధి వ్యాపారుల చట్టం సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ తొలగించొద్దంటుంది. తోపుడుబండికి ఉన్న ఆ కాస్త రక్షణ, బండి తోసేవాడి గదికి లేదు.

ఎవరి పక్కన ఎవరుండాలన్న గొడవ కూడా ఇందులో ఉంది. అమెరికా నగరాల్లో అది జాతి పేరుతో నడుస్తుంది, మన దగ్గర కులం పేరుతో. సింగపూర్ 1989 నుంచి తన ప్రభుత్వ గృహాల్లో ఒక్కో బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంతకు మించకూడదో పరిమితి పెట్టింది. మన ప్రభుత్వాలు చేసింది సరిగ్గా ఎదురు: ఎస్సీ కాలనీ, బీసీ కాలనీ అని విడివిడిగా కట్టి, పేరు బోర్డు కూడా తామే తగిలించాయి. తిరుపతిలో స్కావెంజర్స్ కాలనీ ఉంది. చేసే పనే చిరునామా! సొంత స్థలం కొనేటప్పుడూ ఎక్కువమంది మనవాళ్లున్న వీధే వెతుక్కుంటారు. ఈ ఊళ్లో వేరు వేరు కులాలు ఒకే మెట్లెక్కి దిగింది చాలావరకు బాడుగ పోర్షన్లలోనే. అక్కడా ‘శాకాహారులకు మాత్రమే’ అనే బోర్డుంటుంది, దాని అసలు అర్థం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. అయితే రెండు నెలలు పోర్షన్ ఖాళీగా పడుంటే ఆ బోర్డు దానంతట అదే దిగుతుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దాన్ని దించదు. లాడ్జికి ఆ బోర్డుతో పనే లేదు, అక్కడ ఇరుగుపొరుగే ఉండరు.

వార్డు సచివాలయాల్లో 2019 నుంచి ప్లానింగ్ కార్యదర్శులున్నారు. మార్కింగ్‌కు ముందే వాళ్లు ఇంటింటికీ పోర్షన్ల జాబితా రాయాలి: ఎన్ని పోర్షన్లు, ఎంత బాడుగ, ఎన్నేళ్లుగా, పనిచేసే చోటు ఎంత దూరం. బాడుగ చీటీ అడిగితే జాబితా అక్కడే ఆగిపోతుంది. పన్ను భయంతో ఇంటాయన రాసివ్వడు. రేషన్ కార్డు, గ్యాస్ బుక్కు, పిల్లల బడి రికార్డు, ఏదో ఒకటి చాలు. బాండుతో పాటు బాడుగదారుకు ఆరు నెలల బాడుగ, కొత్తచోట కట్టే అడ్వాన్సు రొక్కంగా ఇవ్వాలి. తిరిగి కట్టేటప్పుడు పాత కొలతల్లో పోర్షన్ మిగిల్చి నెల బాడుగకే ఇచ్చిన ఇంటాయనకు ఆ భాగం మీద పన్ను పెంచకూడదు. అర్హత తేదీ దగ్గరే చాలా జాబితాలు చెడతాయి. మార్కింగ్ రోజును అర్హత తేదీగా పెడితే, కబురు తెలిసిన వారంలోనే పోర్షన్లు ఖాళీ చేయించేస్తారు. ఆ తేదీని కనీసం ఏడాది వెనక్కి వేయాలి.