గ్యాస్ మాత్ర కాపాడేది కడుపునే, కిడ్నీని కాదు

"కీళ్ల నొప్పులవారికి శుభవార్త" అంటూ ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. మా బంధువుల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మా పెద్దమ్మ. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: నొప్పి మాత్రలంటే భయపడనక్కరలేదు. పొద్దున్నే పరగడుపున ఒక గ్యాస్ మాత్ర వేసుకుంటే, ఆ తర్వాత నొప్పి మాత్ర ఎన్నాళ్లు వాడినా ఏమీ కాదు. కడుపుకు పడనివారు సూది చేయించుకుంటే సరి. ఒకటి పనిచేయకపోతే ఇంకో రకం కలిపి వేసుకోవచ్చు. ఇవి రక్తాన్ని పలుచన చేస్తాయి కనుక గుండెకూ మేలే. జ్వరానికీ ఇవే చాలు. పూత మందులు మాత్రం డబ్బు దండగ.

ఇరవై ఏళ్లుగా మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఈ మాటలన్నీ కౌంటరు అవతలి నుంచి రోజూ వింటున్నవే. ఇప్పుడు ఒకేచోట, ధైర్యం చెబుతున్నట్టుగా రాసి పెట్టడంతో పెద్దవాళ్లు నమ్ముతున్నారు. అందుకే ఒక్కొక్కదానికీ జవాబు చెబుతున్నాను. నొప్పి మాత్ర అని నేనంటున్నది డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, మెఫినమిక్ యాసిడ్ వంటి వాపు తగ్గించే మందులను. పారాసిటమాల్ ఈ జాతిది కాదు.

"గ్యాస్ మాత్ర తోడుంటే ఎన్నాళ్లయినా వాడవచ్చు."

సందేశం మొత్తంలో ప్రమాదకరమైన మాట ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజముంది. వయసు మళ్లినవారికి, గతంలో అల్సర్ వచ్చినవారికి నొప్పి మాత్ర రాసేటప్పుడు డాక్టర్లు పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర జతచేస్తారు. అది ఆమ్లాన్ని తగ్గించి, జీర్ణాశయంలోనూ చిన్నపేగు మొదటి భాగంలోనూ పుండ్లు పడకుండా చాలావరకు కాపాడుతుంది. దాని పని అక్కడితో సరి. పేగులో ఇంకా కిందికి వెళితే దాని రక్షణ లేదు. ఇక కిడ్నీకి, గుండెకు అది ఇచ్చే రక్షణ ఏమీ లేదు.

నొప్పి మాత్ర చేసే పని ఏమిటో చూస్తే ఈ తేడా తెలుస్తుంది. ఈ మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా ఆపుతాయని 1971లో లండన్‌లో జాన్ వేన్ కనిపెట్టాడు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఆయన ఒకరు. ప్రోస్టాగ్లాండిన్లు నొప్పిని, వాపును పెంచుతాయి, నిజమే. అవే జీర్ణాశయపు లోపలి పొరను కాపాడతాయి. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని అవసరమైనప్పుడు తెరిచి ఉంచేవీ అవే. మాత్రకు మోకాలేదో కిడ్నీ ఏదో తెలియదు. రక్తం వెళ్లిన ప్రతిచోటికీ వెళ్లి అదే పని చేస్తుంది.

పోయిన వేసవిలో ఒక పెద్దాయన వచ్చి, కళ్లజోడు డబ్బా తెరిచి గాజు బల్ల మీద బోర్లించారు. కత్తెరతో కత్తిరించిన మాత్రల స్ట్రిప్పు ముక్కలు ఏడో ఎనిమిదో పడ్డాయి. సగం ముక్కల మీద పేరు లేదు, గడువు తేదీ లేదు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని తెలిపే ఎర్ర గీతా లేదు. పేర్లున్నవాటిలో నొప్పి మాత్రలు రెండు. ఒకటి మోకాళ్లకట, ఇంకొకటి పంటి నొప్పికట. రెండు కంపెనీల పేర్లు వేరు, రెండింటిలోనూ ఉన్నది ఎసిక్లోఫెనాక్! గ్యాస్ మాత్ర మాత్రం క్రమం తప్పకుండా వేసుకుంటున్నారు. "బీపీకి ఏం వాడుతున్నారండీ?" అని అడిగితే మూడో జేబులోంచి తీశారు. టెల్మిసార్టాన్‌తో పాటు మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసిన మాత్ర అది. కిందికి చూస్తే పాదాల మీద చెప్పు పట్టీ అచ్చు లోతుగా దిగి ఉంది. ఆ రోజు నేను ఆయనకు ఏ మందూ అమ్మలేదు, డాక్టరు దగ్గరకు పంపాను. రక్తంలో క్రియాటినిన్ పెరిగితే కిడ్నీ సరిగా పనిచేయడం లేదని అర్థం. అంతకుముందు ఏడాది 1.1 ఉన్న ఆ అంకె 3.4కు చేరింది. నొప్పి మాత్రలు మాన్పించాక కొన్ని వారాలకు దిగివచ్చింది గానీ మునుపటి అంకెకు రాలేదు.

పొలం ఉన్నవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నొప్పి మాత్ర కిడ్నీలోకి నీరొచ్చే తూమును బిగిస్తుంది. టెల్మిసార్టాన్ వంటి బీపీ మందు బయటికి పోయే తూమును వదులు చేస్తుంది. మూత్రం పోయించే మందు కాలువలోని నీటినే తగ్గిస్తుంది. మూడూ ఒకేసారి జరిగితే మడిలో నీరెక్కడ నిలుస్తుంది? బీపీ మందులు మంచివే, మానకూడదు. వాటి మధ్యకు అడగకుండా వచ్చి చేరిన నొప్పి మాత్రతోనే చిక్కు. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ తగిలిన రోజుల్లో అయితే మరీను.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎందరినో పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు ఇదీ కారణమని ఒక్కటి తేలలేదు. నొప్పి మాత్రలే కారణమని నేనూ అనను. కానీ ఎండలో చెమటోడ్చి, తాగాల్సినన్ని నీళ్లు తాగక, సాయంత్రం ఒళ్లు నొప్పులకు మాత్ర మింగే మనిషి కిడ్నీ మీద ఎంత భారం పడుతుందో మాత్రం తెలుసు. రాబందుల సంగతీ చెప్పాలి. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పాడై, మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా అంతరించాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. మనిషి కిడ్నీ అంత సున్నితం కాదు. అయినా రాబందు పేరు చెబితే మా దుకాణానికి వచ్చేవాళ్లు ఒక్క క్షణం ఆగి వింటారు.

"కడుపుకు పడకపోతే సూది చేయించుకోండి."

కడుపులో పుండు పడేది మాత్ర అక్కడ తగిలినందుకే కాదు, మందు రక్తంలో చేరినందుకు కూడా. తుంటికి చేసిన సూదీ రక్తంలోకే వెళుతుంది. అల్సర్ ఉన్నవారికి ఈ దారిలో ప్రమాదం తప్పదు.

"ఒకటి పనిచేయకపోతే ఇంకో రకం కలపండి."

రెండు రకాలు కలిపితే నొప్పి తగ్గడం రెట్టింపు కాదు, పుండ్ల ముప్పు, కిడ్నీ ముప్పు పెరుగుతాయి. డైక్లోఫెనాక్ పెద్దలకు రోజు మొత్తానికి 150 మిల్లీగ్రాములు మించకూడదు. ఎసిక్లోఫెనాక్ 100 చొప్పున రోజుకు రెండుసార్లే. ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకునేటప్పుడు రోజుకు 1200 మిల్లీగ్రాములు దాటకూడదు. చాలా నొప్పి మాత్రల్లో 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది. దాని మీద జ్వరానికని 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రలు కూడా వేసుకుంటూ పోతే లివర్‌కు ముప్పు. అందుకే కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవాలి. దుకాణంలో ముక్క కత్తిరించి ఇస్తుంటే పేరున్న వైపు ఇమ్మని అడగండి, లేదా ఫోనుతో ఫోటో తీసుకోండి. ఎవరూ తప్పు పట్టరు.

"రక్తాన్ని పలుచన చేస్తాయి, గుండెకు మేలు."

ఇది యాస్పిరిన్ గురించి విన్న మాటను ఈ జాతి మొత్తానికి అంటగట్టడం. గుండెజబ్బు ఉన్నవారికి డాక్టర్లు రాసేది చిన్న మోతాదు యాస్పిరిన్, సాధారణంగా 75 మిల్లీగ్రాములు. మిగతావి అలా కాదు. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందును గుండెపోటు, పక్షవాతం ముప్పు బయటపడి 2004లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. యాస్పిరిన్ మినహా ఈ జాతి మందులతో గుండెపోటు ముప్పు వాడకం మొదలైన తొలి వారాల్లోనే పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరికను కఠినం చేసింది. పైగా ఐబుప్రోఫెన్ ముందు వేసుకుంటే యాస్పిరిన్‌ను రక్తం గడ్డకట్టకుండా ఆపే తన పని చేయనివ్వదు. స్టెంటు వేసినవారి ఇంట్లో ఇది తప్పక తెలియాలి.

"జ్వరానికీ ఇవే చాలు."

వానాకాలంలో ఈ మాట వింటే నాకు కోపమొస్తుంది. వచ్చింది డెంగీ అయితే ప్లేట్‌లెట్లు అసలే పడిపోతుంటాయి. ఉన్నవాటిని కూడా ఈ మందులు సరిగా పనిచేయనివ్వవు, కడుపులో రక్తస్రావానికి దారి తీయవచ్చు. జ్వరం ఏమిటో తేలేదాకా పారాసిటమాల్, తడిగుడ్డ, ద్రవాలు, రక్తపరీక్ష. పిల్లలకైతే ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ల మాత్రలు విరిచి ఇవ్వనే ఇవ్వకండి. నిమెసులైడ్ అనే నొప్పి మందును 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకుండా 2011లోనే మన దేశంలో నిషేధించారు.

"పూత మందులు డబ్బు దండగ."

మోకాలు, చేతివేళ్ల కీళ్ల అరుగుదలకు మొదట వాడి చూడవలసింది అదే. డైక్లోఫెనాక్ జెల్ చర్మం మీద రాస్తే రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే దాదాపు 6 శాతమే. మందు కీలు చుట్టూ ఉంటుంది, కిడ్నీకి వెళ్లేది అతి తక్కువ. అయితే ఒక్కసారి రాసి తగ్గలేదంటే కుదరదు. రోజుకు మూడు నాలుగుసార్లు, కొన్నాళ్లు రాయాలి. గాయం మీద రాయకూడదు, రాశాక వేడి కాపడం పెట్టకూడదు. తుంటి కీలు లోతుగా ఉంటుంది కనుక అక్కడ అంతగా పనిచేయదు. మా పెద్దమ్మకు జెల్ ఇచ్చి, రెండు వారాలు మాత్ర జోలికి పోవద్దని చెప్పాను.

నొప్పి మాత్ర శత్రువేమీ కాదు. బెణికినప్పుడు, పన్ను పీకినప్పుడు, నెలసరి నొప్పికి రెండు మూడు రోజులు తిన్న తర్వాత వేసుకుంటే ఆరోగ్యవంతులైన చాలామందికి హాని చేయదు. కానీ బీపీ, షుగరు, కిడ్నీ, గుండె జబ్బులుంటే, ఉబ్బసం ఉంటే, రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతుంటే, గర్భంతో ఉంటే (ముఖ్యంగా 20 వారాలు దాటాక) అడగకుండా ఒక్కటీ వద్దు. వేసుకుంటున్న రోజుల్లో మలం తారులా నల్లగా, జిగటగా వచ్చినా, మూత్రం తగ్గినా, పాదాలు ఉబ్బినా మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవాలి. కడుపునొప్పి లేదు కదా అని ఆగకండి. ఆ నొప్పి తెలియకుండా చేస్తున్నది ఆ మాత్రే కావచ్చు.