ఒక్క సీరియల్ నెత్తిన అందరి బరువూ పెడితే ఎట్లా

లెస్బియన్ స్నేహితురాళ్ళ కథ చెప్పే 'ది ఎల్ వర్డ్' సీరియల్ గురించి ఎవరు రాసినా ఎక్కువగా రెండే మాటలు. అంతా డబ్బున్న సన్నటి అందగత్తెలే, లెస్బియన్లు నిజంగా ఇట్లా ఉంటారా అని ఒకటి, పోను పోను కథ దారి తప్పింది అని ఇంకొకటి. రెండూ అబద్ధం కాదు. కానీ 2004 జనవరిలో అమెరికాలో షోటైమ్ ఛానల్లో మొదలై 2009 మార్చి దాకా ఆరు సీజన్లు నడిచిన ఈ సీరియల్ని తిరుపతిలో, బాలాజీ కాలనీ అద్దెగదిలో, ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో ఒకటి నా ఫ్రెండ్ చెవిలో పెట్టుకోని, లాప్‌టాప్ వెలుతురు తగ్గించి చూసినదాన్ని నేను, నాకైతే అసలు సంగతి ఆ విమర్శల్లో చాలావరకు కనపడనే లేదు.

అసలు సంగతి ఆ సీరియల్లో కాఫీ టేబులు. నలుగురైదుగురు ఆడోళ్ళు వచ్చి కూర్చుంటారు, రాత్రి ఎవరితో గొడవైంది, ఎవరికి ఉద్యోగం పోయింది, ఎవరు ఎవరికి ఇంకా ఫోన్ చేస్తా ఉండారు, ఇదే మాట్లాడుకుంటారు. మన సీరియళ్ళలో ఇద్దరాడోళ్ళు ఎదురెదురుగా నిలబడితే ఒకామె ఇంకొకామె కొంప ఎట్లా ముంచాలా అనే చూస్తా ఉంటాది కదా, అది చూసి పెరిగిన మాకు ఆ టేబులే పెద్ద వింత. ఈవ్ కొసోఫ్‌స్కీ సెడ్జ్‌విక్ అనే సాహిత్య పండితురాలు 2004లోనే దీన్ని పట్టుకునింది. టీవీలో లెస్బియన్ అంటే ఒంటరిగా ఒకామో, లేకపోతే ఒక జంటో, అంతకు మించి ఉండరు, ఇక్కడ ఒక లోకమే ఉండాది అని ఆమె రాసిన దాంట్లో సారం.

సీరియల్లో డేనా అనే పాత్ర సంగతి చెప్పాల. టెన్నిస్ ప్లేయర్, స్పాన్సర్లు పోతారని, అమ్మానాయనకి తెలుస్తాదని భయపడి దాచుకునే పిల్ల. మూడో సీజన్లో ఆమెని రొమ్ము క్యాన్సర్‌తో చంపేసినారు, అభిమానులు చాలామంది మండిపడినారు, నాకూ ఇప్పటికీ కోపమే. ఆ ఎపిసోడ్ చూసిన పొద్దు మిద్దె మీద వడియాలు తీసుకోను వచ్చిన ఓనరక్క వాకిట్లో నిలబడి, "ఏం పాపా, కండ్లు అట్లా ఉబ్బి ఉండాయి?" అనింది. తలనొప్పి అక్కా అన్యా. స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది, ఇది దానికి రెండేండ్ల ముందు మాట. డేనా దాచుకునే తీరు మాకు ఎవరూ ఇడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

అట్లని సీరియల్ని వెనకేసుకు రావడం లేదు నేను. ట్రాన్స్ మగవాడు, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా మగవాడిగా బతికే మనిషి, మ్యాక్స్ పాత్రని మగ హార్మోన్లు మొదలుపెట్టంగానే కోపిష్టోడిగా చూపించి, ఆఖరి సీజన్లో గర్భంతో ఒంటరిగా వదిలేసినారు. దీన్ని ట్రాన్స్ ప్రేక్షకులు ఏండ్ల తరబడి తప్పుపట్టినారు, పట్టాల్సిందే. అందంగా ఉండారనే విమర్శకీ దీనికీ చాలా తేడా ఉండాది, అది తెరమీద లేనోళ్ళ గురించి, ఇది ఉన్న ఒక్కడికీ చేసిన అన్యాయం గురించి. ఒకే సీరియల్ ఉన్నప్పుడు అందరూ దాంట్లోనే తమని వెతుక్కుంటారు, దొరక్కపోతే బాధపడతారు, ఆ బాధ న్యాయమైందే, కానీ ఇట్లాంటివి ఇంకో పది ఎందుకు తీయలేదని ఛానళ్ళని అడిగినోళ్ళు తక్కువ.

2019లో 'జెనరేషన్ క్యూ' అని మళ్ళీ మొదలుపెట్టి మూడు సీజన్లు తీసినారు. ఆ మూడోదాంట్లో, 2022లో, మ్యాక్స్ తిరిగొచ్చినాడు. గడ్డంతో, తోడుతో, పిల్లలతో, నవ్వతా.