ఏటా పొడిగించే ఎమర్జెన్సీ

ఏటా మార్చి నెలాఖరుకల్లా అమెరికా అధ్యక్షుడి సంతకంతో ఓ చిన్న నోటీసు వెలువడుతుంది. విదేశాల నుంచి సాగుతున్న సైబర్ దాడుల ముప్పు ఇంకా తొలగలేదనీ, అందుకే జాతీయ అత్యవసర పరిస్థితిని మరో ఏడాది పొడిగిస్తున్నామనీ దాని సారాంశం. 2015 ఏప్రిల్ 1న ఒబామా 13694 నంబరు ఉత్తర్వుతో దీన్ని మొదలుపెట్టారు. తర్వాత ట్రంప్ పొడిగించారు, బైడెన్ పొడిగించారు, మళ్లీ వచ్చిన ట్రంప్ కూడా పొడిగించారు. ప్రతిదానికీ కీచులాడుకునే రెండు పార్టీలకూ ఈ ఒక్క విషయంలో పేచీ లేదు.

ఎమర్జెన్సీ అనగానే మన పాఠకులకు 1975 నాటి అర్ధరాత్రి అరెస్టులు, పత్రికలపై సెన్సారు గుర్తుకొస్తాయి. ఇది ఆ బాపతు కాదు. 1977లో చేసిన అంతర్జాతీయ అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం కింద, దాడులకు పాల్పడ్డ వారినీ వారికి అండగా నిలిచిన సంస్థలనూ ఆర్థిక శాఖ ఆంక్షల జాబితాలో చేరుస్తుంది. ఆ జాబితాకెక్కితే అమెరికాలో ఉన్న ఆస్తులు స్తంభించిపోతాయి, అమెరికన్లెవరూ వారితో లావాదేవీలు పెట్టుకోకూడదు. డాలరుతో పనిలేని బ్యాంకులు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి గనుక? దెబ్బ చాలా దూరం తగులుతుంది.

ముప్పు లేదని మేము అనడం లేదు. 2016 ఎన్నికల్లో రష్యా నిఘా సంస్థల జోక్యం, టెలికాం సంస్థల్లోకి చొరబడిన చైనా ముఠా ‘సాల్ట్ టైఫూన్’ కథ కల్పితాలు కావు. 2024 డిసెంబరులో ఏకంగా అమెరికా ఆర్థిక శాఖ కంప్యూటర్లలోకే చైనా హ్యాకర్లు దూరారు. ఆంక్షలు విధించే విభాగాన్నే వాళ్లు గురిపెట్టారని అప్పట్లో వార్తలొచ్చాయి. జాబితా రాసేవాళ్ల గదిలోకే దొంగ వచ్చాడన్నమాట!

మరి ఇన్నేళ్ల అత్యవసరం ఏం ఆపింది? 2021 మే నెలలో కొలోనియల్ పైప్‌లైన్ ఉదంతం చూడండి. అమెరికా తూర్పు తీరానికి కావలసిన ఇంధనంలో దాదాపు సగం ఈ గొట్టాల్లోనే వెళుతుంది. అలాంటి సంస్థ హ్యాకర్ల దాడితో కొన్ని రోజులపాటు మూతపడింది, బంకుల ముందు జనం బారులు తీరారు. హ్యాకర్లు లోపలికి వచ్చింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) ఖాతా ద్వారా. ఆ ఖాతాను రద్దు చేయడం ఎవరికీ తోచలేదు. మన దగ్గర కూరగాయల బండి దగ్గర ఫోన్‌పే కొట్టడానికి కూడా పిన్ అడుగుతారు. అక్కడ పాస్‌వర్డ్ తర్వాత ఇంకో తనిఖీ లేదు, ఓటీపీ లాంటిది ఏదీ లేదు. కంపెనీ సుమారు 44 లక్షల డాలర్లు హ్యాకర్లకు బిట్‌కాయిన్ల రూపంలో సమర్పించుకుంది. అందులో చాలా భాగాన్ని ప్రభుత్వం తర్వాత రాబట్టింది, అది వేరే సంగతి. అప్పటికి ఎమర్జెన్సీ మొదలై ఆరేళ్లు దాటింది. రష్యాలోనో మరోచోటో కూర్చున్న ముఠా ఆస్తుల్ని స్తంభింపజేసే ఏ ఉత్తర్వూ ఆ పాత ఖాతాను మూయించలేదు.

ఇంటి లోపల చేయాల్సిన పని అలా ఉండగా, 2025 జనవరిలో వాషింగ్టన్ ఏం చేసింది? పెద్ద సైబర్ దాడుల మీద విచారణ జరిపి తప్పెవరిదో తేల్చే సమీక్షా మండలి సభ్యులందరినీ ఇంటికి పంపేసింది. అప్పుడు ఆ మండలి చేతిలో ఉన్నది సాల్ట్ టైఫూన్ దర్యాప్తే. అది జరిగిన రెండు మూడు నెలలకే అత్యవసరాన్ని మరో ఏడాది పొడిగిస్తూ అదే ప్రభుత్వం సంతకం పెట్టింది.

అధికారం పరిధి ఎంతవరకన్నది కూడా అధ్యక్షుడి కలం మీదే ఆధారపడింది. మొదట ఈ ఉత్తర్వులో ‘ఎవరైనా’ అని ఉండేది. 2025 జూన్‌లో ట్రంప్ దాన్ని విదేశీయులకే పరిమితం చేశారు. మంచి సవరణే. కానీ ఒక కలం చెరిపిన మాటను మరో కలం తిరిగి రాయగలదు. 2022లో, డబ్బు ఎవరిదో తెలియకుండా కలిపేసే టోర్నడో క్యాష్ అనే క్రిప్టో ప్రోగ్రామ్‌ను ఈ ఉత్తర్వు కిందే నిషేధించారు. ఎవరూ మార్చలేని కోడ్ ఎవరి ఆస్తీ కాదనీ, దానిపై ఆంక్షలు చెల్లవనీ 2024 నవంబరులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పాల్సి వచ్చింది. 1977లో రాసిన చట్టాన్ని నేటి కోడ్‌కు తొడగబోతే ఇలాగే అవుతుంది.

1976 నాటి అమెరికా చట్టం ప్రకారం ప్రతి అత్యవసరాన్నీ అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ ఆరు నెలలకోసారి పరిశీలించాలి. ఆచరణలో అది దాదాపు కాగితానికే పరిమితమైంది. ఎత్తేయాలంటే ఉభయ సభలు తీర్మానం చేయాలి, అధ్యక్షుడు వీటో చేస్తే మూడింట రెండొంతుల బలం కావాలి. అందుకే ఇరాన్‌పై 1979లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ ప్రకటించిన అత్యవసరం నేటికీ నడుస్తోంది. మన దేశం 1975 దెబ్బ తిన్నాక 44వ రాజ్యాంగ సవరణతో లెక్క తిరగేసింది. ఆరు నెలలకోసారి పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో ఒప్పుకోకపోతే ఎమర్జెన్సీ దానంతటదే పోతుంది. అక్కడ మౌనం అత్యవసరాన్ని నడిపిస్తుంది, ఇక్కడ మౌనం దాన్ని ముగిస్తుంది.

ఇదంతా అమెరికా గొడవ అనుకుంటే భీమవరం వెళ్లి రొయ్యల రైతును అడగాలి. 2025 ఆగస్టులో మన సరుకు మీద ట్రంప్ వేసిన 50 శాతం సుంకాలకు ఆధారం ఈ 1977 చట్టమే. అందులో సగం, రష్యా విషయంలో ప్రకటించిన మరో అత్యవసరాన్ని చూపించి వేసినది. వ్యాపారులు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు తెగ్గోశారు. చెరువు మీద పెట్టిన పెట్టుబడి వస్తుందా రాదా అన్న టెన్షన్ రైతుకు మిగిలింది. సుంకాలు వేసే అధికారం ఈ చట్టంలో ఉందా అన్న వివాదం కోర్టులకెక్కింది, లేదని 2026 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. హ్యాకర్ల కోసమని పొడిగిస్తున్న అధికారం, రొయ్యల మీద ప్రయోగించిన అధికారం ఒకే చట్టం పేరు చెప్పి తెచ్చుకున్నవే.

సైబర్ ఆంక్షలు అక్కర్లేదని కాదు. కాంగ్రెస్ వాటికి ప్రత్యేకంగా ఒక చట్టం చేయాలి. ఎవరి మీద, ఏ ఆధారంతో, ఎంతకాలం అన్నది అందులో ఉండాలి. సభ్యుల్లేకుండా పోయిన సమీక్షా మండలిని తిరిగి నిలబెట్టాలి. 30 రోజుల్లో కాంగ్రెస్ ఆమోదించకపోతే అత్యవసరం ముగిసిపోవాలంటూ సెనేటర్ మైక్ లీ 2019లో ఒక బిల్లు తెచ్చారు. అది చట్టం కాలేదు. పైగా ఈ ఆర్థిక ఆంక్షల అత్యవసరాలను అందులోంచి ముందే మినహాయించారు. మళ్లీ అలాంటి బిల్లు వస్తే మొదట కొట్టేయాల్సింది ఆ మినహాయింపునే.