కుర్చీ మీది తెల్ల టవల్ గారికి

మహారాజశ్రీ పెద్దసారు కుర్చీ మీది తెల్ల టర్కీ టవల్ గారికి,

ఉభయకుశలోపరి. నాన్న పేరు మీదున్న ఎకరం పది గుంటలు అమ్మ పేరుకు మార్చమని మూడు సోమవారాలుగా మీ ముందు నిలబడుతున్నవాణ్ణి. సారు ముఖం కంటే మీ అంచు కుట్టే నాకు బాగా గుర్తు.

ఏసీలు లేని రోజుల్లో చెమటకీ, తలనూనె మరకకీ అడ్డంగా వచ్చి ఉంటారు. చెమట పోయింది, మీరు ఉండిపోయారు. పక్క గదిలో గుమాస్తాకూ వీపుంది, అక్కడ మీరుండరు. అటెండర్ మిమ్మల్ని మార్చడం చూశాను. దులిపి, మడత విప్పి, రెండు వైపులా సమానంగా వేలాడుతున్నారో లేదో దూరం జరిగి మరీ చూసుకున్నాడు. నా ఫైలును అంత శ్రద్ధగా ఎవరూ ముట్టుకోలేదు.

నాతో మాట్లాడేటప్పుడు సారు వీపు మిమ్మల్ని వదలదు. ‘చూద్దాం’ అనే మాట కూడా ఫ్యానుకే చెప్తారు. పైనుంచి ఫోన్ వచ్చిందా, వెన్ను తటాలున నిటారవుతుంది, గొంతు సన్నబడుతుంది. “సార్... సార్... అయిపోయినట్టే సార్.” ఎదుటివాడు పైవాడా కిందివాడా అన్న లెక్క బుర్రలో మారగానే ఒళ్లంతా మారిపోతుంది. మా తమ్ముడి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ అని రెండు రోజులు క్లాసు పెట్టారట. ఎలా కూర్చోవాలి, మాట మధ్య ఎక్కడ ఆగాలి, అంతా నేర్పారట. ఈ లెక్క సంగతి మాత్రం సిలబస్‌లో లేదట.

మీ అన్నగారు, కారు మీది ఎర్రబుగ్గ, 2017 మే 1న దిగిపోయారు. మీ జోలికి ఎవరూ రాలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో ఎస్.ఆర్. శంకరన్ అని ఒక ఐఏఎస్ ఉండేవారు. వెట్టి నుంచి జనాన్ని విడిపించడానికి పాటుపడ్డారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఆయన్ను తలుచుకునేవాళ్లెవరూ కుర్చీ ఊసెత్తరు. మీకు కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి కదా.

మొన్న సోమవారం సారు మీటింగుకు వెళ్లారు. తలుపు తీసే ఉంది. ఖాళీ కుర్చీ, మీరు. నా వెనకున్న ముసలాయన చెప్పులు బయట విడిచొచ్చి మీకు వంగి దండం పెట్టాడు. నవ్వొచ్చింది. తీరా చూస్తే నా చేతులూ కట్టుకునే ఉన్నాయి.

వచ్చే సోమవారం కూడా మీటింగేనట. పోనీ, సంతకం మీరే పెట్టేయండి.

ఇట్లు,
మీ విధేయుడు,
టోకెన్ నంబర్ 41